వైనరీ సందర్శన, కల్లుపాక: కృష్ణా డెల్టా వైపు నుంచి ఒక పరిచయం

ద్రాక్షతోట, ఆ పండుతో వైన్ చేసే కార్ఖానా, రుచి చూపించే గది, రాత్రికి బస. ఈ నాలుగూ ఒకే ఆవరణలో పెట్టి అతిథులను రమ్మనే ఏర్పాటును వైనరీ రిసార్ట్ అంటారు. డబ్బు కట్టి తోట చూడడం, పీపాల గది తిరగడం, నాలుగైదు రకాలు గుక్కెడు చొప్పున రుచి చూడడం, నచ్చిన సీసా కొనుక్కుని బయటపడడం, ఇదీ అక్కడి తతంగం. ఫ్రాన్సు, ఇటలీలలో ఇది పాత అలవాటు. అమెరికాలోని నాపా లోయ దాన్ని పెద్ద వ్యాపారంగా తీర్చింది. మెక్సికోలో గ్వాదలూపే లోయ, మన దేశంలో నాసిక్, నంది కొండల పరిసరాలు అదే దారి పట్టాయి.

కృష్ణా డెల్టా దిగువన బంటుమిల్లి, బందరు, గుడివాడ, దివిసీమల వైపు ఇలాంటి వైన్ సీమ లేదు, ఏర్పడే వీలూ తక్కువే. ఆ నేల ఇచ్చే పానీయం తాటికల్లు. ఈ రెంటినీ ఒకే వ్యాసంలో చెప్పడానికి కారణం ఉంది. వైన్ ఏళ్ల తరబడి నిలవుంటుంది, ఓడలెక్కి సముద్రాలు దాటుతుంది. అయినా జనం దాని కోసం తోట దాకా వెళ్తారు. కల్లు పూట దాటితే మారిపోతుంది, చెట్టు దగ్గరికి వెళ్తే తప్ప అసలు రుచి దొరకదు. అయినా దాని కోసం దూరం నుంచి వచ్చినవాడిని మర్యాదగా కూర్చోబెట్టే చోటు డెల్టాలో లేదు.

గ్వాదలూపే లోయ

మెక్సికో వాయవ్య మూలన, బాహా కాలిఫోర్నియా రాష్ట్రంలో, పసిఫిక్ తీరపు రేవుపట్నం ఎన్సెనాడాకు దగ్గరలో ఈ లోయ ఉంది. అమెరికా సరిహద్దును ఆనుకున్న తిహువానా నుంచి కారులో రెండు గంటల లోపే. మెక్సికోలో తయారయ్యే వైన్‌లో సగానికి పైగా ఈ రాష్ట్రానిదే. ఎండాకాలం అక్కడ చినుకు పడదు, కురిసే కాస్త వానా చలికాలంలో కురుస్తుంది. పగలు ఎండ కాల్చేస్తుంది, పొద్దువాలితే సముద్రం మీది చల్లగాలి లోయలోకి దూరుతుంది, తెల్లవారుజామున పొగమంచు కమ్ముతుంది. పగటి వేడికి పండులో తీపి పెరుగుతుంది, రాత్రి చల్లదనానికి పులుపు నిలుస్తుంది. వైన్‌కు కావలసింది ఈ రెండూ కలిసిన పండే.

మెక్సికోకు ద్రాక్షను తెచ్చినవాళ్లు స్పెయిన్ పాలకులు, పాదిరీలు. చర్చి పూజకు వైన్ లేకుండా కుదరదు. కోవావిలా రాష్ట్రంలోని పార్రాస్‌లో 1597లో మొదలైన కాసా మదేరో అమెరికా ఖండాలలోకెల్లా పాత వైనరీగా పేరు పొందింది. అయితే వలసలో వైన్ పెరిగితే స్వదేశంలో తమ బేరం పడిపోతుందని స్పెయిన్ రాజులు కొత్త తోటల మీద ఆంక్షలు పెట్టారు. వలస దేశపు నేత దెబ్బతిన్న కథ తెలిసిన తెలుగు పాఠకుడికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

ఎన్సెనాడా ప్రాంతంలో వ్యాపారానికి వైన్ చేయడం 1888లో సాంతో తోమాస్ వైనరీతో ఊపందుకుంది. 1905 తర్వాత రష్యా నుంచి మొలొకాన్లు అనే క్రైస్తవ శాఖ వారు జారు చక్రవర్తి సైన్యంలో చేరడం ఇష్టంలేక వలస వచ్చి గ్వాదలూపే లోయలో భూములు కొన్నారు. ముందు గోధుమ పండించారు, తర్వాత ద్రాక్ష కూడా వేశారు. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం అమలైన రోజుల్లో సరిహద్దు దాటి తాగడానికి వచ్చేవాళ్లతో తిహువానా కిటకిటలాడింది. ఇటలీ నుంచి వచ్చిన ఆంజెలో చెత్తో 1928లో పెట్టిన సంస్థ ఇవాళ దేశంలోని పెద్ద వైన్ కంపెనీలలో ఒకటి.

లోయకు ఇప్పటి రూపం వచ్చింది మాత్రం 1987లో మోంతే షానిక్ స్థాపన తర్వాతే. చౌక వైన్ కుప్పలుగా చేయడం మాని, తక్కువ చేసి ఎక్కువ ధరకు అమ్మే పద్ధతి దానితో నిలబడింది. ఉగో దాకోస్తా అనే వైన్ నిపుణుడు చిన్న రైతులు తమ పండుతో తామే వైన్ చేసుకోవడం నేర్పే బడి ఒకటి లోయలోనే నడిపాడు. చిన్నబడి అనే అర్థంలో దాన్ని లా ఎస్క్వెలీతా అంటారు. లోయలో ఈనాడు కనిపించే చిన్న వైనరీలు కొన్ని అక్కడ చేయి తిరిగినవాళ్లవే. భవంతులు, విందుల కంటే ఈ బడే లోయకు ఎక్కువ మేలు చేసిందని చెప్పాలి.

బసలు ఆ తర్వాతి దశ. ఆదోబే గ్వాదలూపే తోట నడుమ ఇల్లులాంటి సత్రం. ఎన్‌క్వెంత్రో గ్వాదలూపేలో కొండరాళ్ల మీద విడివిడిగా నిలబెట్టిన గదులుంటాయి. ఎల్ సియేలో చెరువు, భోజనశాల, కచేరీ మైదానం అన్నీ ఉన్న పూర్తి రిసార్ట్. ఆగస్టులో కోతల పండుగ జరుగుతుంది. 2012లో ద్రాక్ష, వైన్‌ల మ్యూజియం తెరిచారు. ఈ రద్దీతోనే తగువూ వచ్చింది. తోటలు తీసి కచేరీ మైదానాలు, ఇళ్ల ప్లాట్లు వేస్తున్నారని వైన్ చేసేవాళ్లు, వంటవాళ్లు కలిసి గొంతెత్తారు.

అంతకంటే పెద్ద చిక్కు నీరు. లోయ బతికేది భూగర్భ జలం మీద. తోడేది ఎక్కువ, ఊరేది తక్కువ. నీటిమట్టం పడిపోయిన చోట ఉప్పు తేలుతుంది. లోయ ఎర్ర వైన్లలో కొన్నింటిలో సన్నగా ఉప్పు తగులుతుందని రుచి తెలిసినవాళ్లు అంటారు. బోరు వేస్తే ఉప్పునీరు పడే కృత్తివెన్ను, బంటుమిల్లి రైతుకు ఈ బాధ కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

రుచి చూసే పద్ధతి

సందర్శన మామూలుగా తోట గట్టు మీద మొదలవుతుంది. ఏ తీగ ఏ రకమో చూపించి, గుత్తి కోసే కాలమైతే ఒక పండు నోట్లో వేసుకోమంటారు. వైన్ ద్రాక్ష తినే ద్రాక్ష కంటే చిన్నది, తోలు మందం, గింజ పెద్దది, తీపి ఎక్కువ. తర్వాత కార్ఖానా. కాడలు తీసి పండు చిదిపే యంత్రం, పులియబెట్టే ఉక్కు తొట్లు, ఓక్ కర్ర పీపాలు పేర్చిన చల్లని గది. ఎర్ర వైన్‌కు రంగు తోలు నుంచి వస్తుంది. రసాన్ని తోలుతో కలిపి పులియబెడితే ఎరుపు, తోలు ముందే తీసేస్తే తెలుపు. నల్ల ద్రాక్ష నుంచి కూడా తెల్ల వైన్ వస్తుందంటే మొదటిసారి విన్నవాళ్లు నమ్మరు.

రుచి గదిలో గ్లాసుకు 30 నుంచి 50 మిల్లీలీటర్లే పోస్తారు. తెల్లవి ముందు, ఎర్రవి తర్వాత, తియ్యనివి చివర. తెల్ల వైన్ 8 నుంచి 10 డిగ్రీల చల్లదనంలో, ఎర్రది 16 నుంచి 18 డిగ్రీల దగ్గర ఇస్తారు. గ్లాసును అడుగు కాడ దగ్గర పట్టుకోవాలి, గిన్నె భాగాన్ని పట్టుకుంటే చేతి వేడికి వైన్ మారుతుంది. తెల్లగుడ్డ మీద వంచి రంగు చూస్తారు. గుండ్రంగా తిప్పితే వాసనలు పైకి లేస్తాయి. ముక్కు గ్లాసులో పెట్టి పీల్చాక ఒక గుక్క నోట్లోకి తీసుకుని, నాలుక అంతటా పారించి, మింగడమో పక్కన పెట్టిన గిన్నెలో ఉమ్మేయడమో చేస్తారు. ఉమ్మడం అక్కడ తప్పు కాదు, పది రకాలు చూడాల్సినవాడు ఉమ్మక తప్పదు. ఎర్ర వైన్ తాగాక చిగుళ్లు బిగుసుకున్నట్టుండే వగరు టానిన్‌ది. పచ్చి వక్క కొరికినప్పుడు నోరు పట్టేసేదీ అలాంటి వగరే.

చాలా వైనరీల్లో ఈ గదిలో నిలబడి చెప్పే మాటల్లో సగం అమ్మకపు మాటలు. ఫలానా పువ్వు వాసన, ఫలానా తోలు వాసన అని చెప్పినవన్నీ తనకు తెలియలేదని ఎవరూ కుంగిపోనక్కరలేదు. పులుపు, తీపి, వగరు, మద్యపు వేడి, ఈ నాలుగు ఎంతెంత ఉన్నాయో పట్టుకోగలిగితే రుచి చూడడం వచ్చినట్టే.

దక్కనులో

మన దేశంలో ఆధునిక వైన్ 1980లలో పుణె దగ్గరి నారాయణ్‌గావ్‌లో ఇండేజ్ సంస్థతో మొదలైంది. 1988లో గ్రోవర్ కుటుంబం బెంగళూరుకు ఉత్తరాన నంది కొండల దిగువన, దొడ్డబళ్లాపురం వైపు ఫ్రెంచి రకాలతో తోట వేసింది. నాసిక్‌లో సులా మొదటి వైన్ 2000లో వచ్చింది. 2005లో అక్కడ రుచి గది తెరిచారు, తర్వాత గంగాపూర్ జలాశయం పక్కనే బస కట్టారు. మహారాష్ట్ర 2001లో, కర్ణాటక 2007లో వైన్ పరిశ్రమకు వేరే విధానాలు ప్రకటించాయి. వైన్‌ను సారాయి గాటన కట్టకుండా పంట సరుకుగా చూడడం వాటి సారాంశం.

తెలుగువాళ్లకు వీటిలో దగ్గరిది నంది సీమ. దూరంలోనే కాదు, చిక్కబళ్లాపురం, బాగేపల్లి, కోలారు పల్లెల్లో తెలుగు ఇంటి భాష. పోయినవాళ్లకు దారి అడగడానికి ఇబ్బంది ఉండదు.

దక్కనులో ద్రాక్షకు రెండు కత్తిరింపులు. ఏప్రిల్‌లో ఒకటి తీగ బలానికి, సెప్టెంబరు, అక్టోబరులలో ఒకటి కాపుకు. కోత జనవరి నుంచి మార్చి దాకా. తొట్లో పండు పోసి అతిథులతో తొక్కించే వేడుక కూడా ఆ రోజుల్లోనే. అసలు వైన్‌కు తొక్కుడు చాలావరకు పోయింది, ఇది ఫొటోల కోసం.

హైదరాబాదు ద్రాక్ష ఇంకో కథ. అనాబ్-ఇ-షాహి అనే పెద్ద పండు రకం నగరం చుట్టుపక్కలే ప్రచారంలోకి వచ్చి దక్షిణాదంతా పాకింది. తర్వాత గింజలేని థాంప్సన్ రకం వచ్చింది. ఇవి తినడానికే తప్ప మంచి వైన్‌కు పనికిరావు. రంగారెడ్డి, మేడ్చల్ వైపు ఆ పందిళ్లు చాలావరకు లేఅవుట్లయ్యాయి.

బందరు రేవులో షిరాజ్ వైన్

డెల్టాలో వైన్ పండకపోయినా వైన్ తెలియని నేల కాదు. గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు, అంటే మచిలీపట్నం, తూర్పు తీరపు ముఖ్య రేవు. డచ్చివాళ్లు 1606 నాటికి, ఇంగ్లీషువాళ్లు 1611లో ఇక్కడ కొట్లు పెట్టారు. పారశీక రేవు బందర్ అబ్బాస్‌తో మచిలీపట్నానికి ఓడల రాకపోకలు ఉండేవి. ఇక్కడి నుంచి అద్దకం బట్టలు, చక్కెర వంటివి పోయేవి. అక్కడి నుంచి గుర్రాలు, పన్నీరు, ఎండు పండ్లు, షిరాజ్ వైన్ వచ్చేవి. ముస్లిం రాజ్యమే అయినా పారశీక పట్నం షిరాజ్‌లో డచ్చి, ఇంగ్లీషు కంపెనీలకు తమ వైన్ తాము చేయించుకునే అనుమతి ఉండేదని ఆ కాలపు ఫ్రెంచి యాత్రికులు రాశారు. బందరు కొట్లలో గుమాస్తాల బల్లల మీదికీ, గోల్కొండ ప్రభువుల విందులకూ చేరింది ఆ సరుకే. బందరులోని డచ్చి సమాధుల మధ్య తిరిగేవారు ఈ సంగతి కూడా తలుచుకోవచ్చు.

అదే కాలంలో మామూలు జనం తాగింది కల్లు. 17వ శతాబ్దంలో గోల్కొండ వచ్చిన వజ్రాల వర్తకుడు టావెర్నియే, రోజూ వందల గుర్రాల మీద తోలు తిత్తుల్లో కల్లు నగరానికి చేరేదనీ, దాని మీది పన్ను సుల్తానుకు మంచి రాబడి అనీ రాశాడు. వైన్ ఓడల్లో వస్తే కల్లు గుర్రాల మీద వచ్చింది. రెండో దాన్ని వీలైనంత త్వరగా చేర్చాలి, అంతే తేడా.

ఇక్కడ ద్రాక్ష ఎందుకు పండదు

వైన్ ద్రాక్షకు నీరు నిలవని నేల కావాలి, వేరు కాస్త దాహంతో ఉండాలి. బంటుమిల్లి వైపు నల్లరేగడి బంకమన్ను, వానాకాలంలో చేలో నీళ్లు దిగవు. 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట పుణ్యాన కాలువలు వచ్చి డెల్టా వరి సీమ అయింది. కాలువ చివరి భూముల్లో ఉప్పు పైకి తేలిన చోట్ల ఇప్పుడు చేపల, రొయ్యల చెరువులున్నాయి. గాలిలో తేమకు ద్రాక్ష ఆకుకు బూజు తెగులు తప్పదు. అన్నిటికీ మించి, దక్కను లెక్కన అక్టోబరులో కత్తిరిస్తే తీగ పూతకు వచ్చేది సరిగ్గా తుపానుల వేళ. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెన, 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిన ఉప్పెన రెండూ ఆ వేళవే. పందిరి మీద పాకే పంట అక్కడ నిలబడదు. నిలబడింది తాడి చెట్టు. ఎండకు, ఉప్పుగాలికి, నీళ్లు నిలిచిన గట్టుకు అన్నిటికీ ఓర్చుకుంటుంది.

తాటికల్లు

తాడిలో ఆడ, మగ చెట్లు వేరు. కాయలు కాసేది పెంటితాడు, కంకుల్లాంటి పూగెలలు వేసేది పోతుతాడు. రెంటినీ గీస్తారు. చెట్టు గీతకు రావడానికి 15, 20 ఏళ్లు పడుతుంది. వచ్చిన తర్వాత తరాలపాటు ఇస్తుంది. తాత గీసిన చెట్టును మనవడు గీయడం మామూలే.

గీత పని తెల్లవారకముందే మొదలవుతుంది. నడుము చుట్టూ, చెట్టు చుట్టూ మోకు వేసుకుని, పాదాలకు నార బందం తగిలించుకుని, కత్తులు, ఖాళీ కుండలు వెనక కట్టుకుని ఎక్కుతారు. మోకు మీద వెనక్కి వాలి, పాదాలు పైకి జరిపి, మళ్లీ మోకు ఎగరేయడం, ఈ లయలో 60, 70 అడుగులు. పైన మట్టల మధ్య కూర్చుని చేసే పని ఇంకా నాజూకు. లేత గెలను కర్రతో మెల్లగా తట్టి, నొక్కి, కట్టగట్టి, కొస కోస్తారు. కొన్నాళ్లకు రసం కారడం మొదలవుతుంది. అప్పటినుంచి పొద్దున, సాయంత్రం కొసను కాగితమంత పలచగా చెక్కుతూ ఉండాలి. మందంగా చెక్కితే గెల త్వరగా అయిపోతుంది, చెక్కకపోతే రసం ఆగిపోతుంది. మంచి గీతగాడెవరో చెక్కు చూస్తే తెలుస్తుంది.

కారేటప్పుడు ఆ రసంలో 10 నుంచి 14 శాతం దాకా చక్కెర ఉంటుంది. కుండ అడుగున నిన్నటి మడ్డి, గాలిలోని ఈస్టు, బాక్టీరియా కలిసి చెట్టు మీదనే పులియబెట్టడం మొదలుపెడతాయి. వైన్ కార్ఖానాలో వారాలు పట్టే పని ఇక్కడ కొన్ని గంటల్లో సగం అయిపోతుంది. అందుకే పొద్దునే దించిన కల్లు తీపి, మధ్యాహ్నానికి పులుపు, సాయంత్రానికి ఘాటు. మర్నాటికి వెనిగర్ దారి పడుతుంది. మద్యం పాలు మామూలుగా 4, 5 శాతం, వైన్‌లో ఉండేదానిలో మూడో వంతు.

కల్లుపాకలో గుడ్డతో ఈగలు, పీచు వడకట్టి ముంతలోనో తాటాకు దొప్పలోనో పోస్తారు. దొప్పలో తాగితే ఆకు వాసన కూడా కలుస్తుంది. పక్కన గుగ్గిళ్లు, ఎండుచేప, రొయ్యల వేపుడు. ఏ చెట్టు కల్లు తియ్యన, ఏది కాస్త వగరు, ఉప్పునేల గట్టు మీది చెట్టుకూ చెరువు గట్టు మీది చెట్టుకూ తేడా ఏమిటి అని పాత తాగుబోతులు గంటసేపు వాదించుకోగలరు. ఫ్రెంచి వైన్ పండితులు నేల మహిమ అని పుస్తకాలు రాసేదీ దీని గురించే.

చీకటి కోణాలూ ఉన్నాయి. చెట్టు మీంచి పడి ప్రాణం పోయినవాళ్లు, నడుము విరిగినవాళ్లు గీత కులాల ఊళ్లలో కనిపిస్తూనే ఉంటారు. చెట్లు చాలని పట్టణాల్లో నిద్రమందులు, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లు తాగి ఆసుపత్రి పాలైన సంఘటనలు తెలుగునాట తరచూ వార్తలకెక్కాయి. ఇటుక బట్టీలకు తాళ్లు కొట్టేయడం ఇంకొకటి. గీత పనికి కొడుకులను పంపే తండ్రులు తగ్గిపోయారు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

మెక్సికోలోనూ కల్లు ఉంది

గ్వాదలూపే వైన్‌కు సరైన జోడీ కృష్ణా కల్లు కాదనుకుంటే, కల్లుకు జోడీ మెక్సికోలోనే దొరుకుతుంది. మగేయ్ అనే కలబంద ఆకారపు పెద్ద మొక్క గుండె తొలిచి, అందులో ఊరే తేనెనీటిని పొడుగు సొరకాయ బుర్రతో పీల్చి తీసి పులియబెడితే పుల్కే వస్తుంది. తెల్లగా, జిగటగా, కల్లులాగే రోజు తిరక్కుండా మారిపోతుంది. స్పెయిన్‌వాళ్లు రాకముందు నుంచీ ఉన్న ఈ పానీయాన్ని 20వ శతాబ్దంలో బీరు వెనక్కి నెట్టింది. ఈమధ్య మెక్సికో నగరపు పుల్కే అంగళ్లకు కుర్రకారు మళ్లీ వెళ్తున్నారు.

ఇక తూబా అచ్చంగా కల్లే. మనీలా ఓడల్లో పసిఫిక్ దాటి వచ్చిన ఫిలిప్పీన్స్ నావికులు 16వ శతాబ్దం చివర్లో మెక్సికో పడమటి తీరాన కొలీమా ప్రాంతంలో కొబ్బరికల్లు గీయడం నేర్పారు. దాన్ని కాచి సారాయి కూడా చేశారు. స్పెయిన్ నుంచి వచ్చే వైన్ అమ్మకం పడిపోతోందని 17వ శతాబ్దం మొదట్లో వలస ప్రభుత్వం ఆ సారాయిని నిషేధించింది. కొలీమా వీధుల్లో ఇప్పటికీ తూబాను సొరబుర్రల్లో మోస్తూ, గ్లాసులో వేరుశనగ పప్పు వేసి అమ్ముతారు.

మన దేశంలో చూస్తే, గోవా ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. జీడిమామిడి తోటల్లో బట్టీలు చూపించే యాత్రలు అక్కడ నడుస్తున్నాయి. కేరళ కల్లుషాపులు చేపకూర, కర్రపెండలం దుంపల పేరుతో కుటుంబాలు కూడా వెళ్లే భోజనశాలలయ్యాయి. డెల్టాకు వచ్చే యాత్రికుడు మంగినపూడి, హంసలదీవి, కూచిపూడి, పెడన కలంకారీ చూసి, బందరు లడ్డూ కట్టించుకుని వెళ్లిపోతున్నాడు. వంద తాళ్లున్న చెరువు గట్టు దారి పక్కనే ఉంటుంది.

చట్టం, నీరా, సందర్శకుడికి

ఆంధ్రదేశంలో మద్యం మాట రాజకీయం లేకుండా నడవదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన మహిళల ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి సారాను, గుడివాడ దగ్గరి నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా 1995 జనవరి 16 నుంచి మద్యాన్ని నిషేధించారు. 1997లో మద్యనిషేధం సడలింది. మద్యం వల్ల ఇళ్లు గుల్లయిన రాష్ట్రంలో రుచి గదులు, యాత్రలు అంటే ఆడవాళ్లు అనుమానంగా చూడడం సహజం. కల్లుగీతకు మాత్రం గీత కార్మికుల సహకార సంఘాలు, చెట్టు గీసేవాడికే చెట్టు పథకం కింద విడిగా లైసెన్సులు ఇస్తూ వచ్చారు.

ఈ తగువు లేని దారి నీరా. కుండ లోపల సున్నం పూసి కడితే రసం పులియదు, మద్యం ఉండదు, పిల్లలూ తాగవచ్చు. ఆంధ్రలోని పందిరిమామిడిలో ఉన్న ఉద్యాన పరిశోధన స్థానం తాటి ఉత్పత్తుల మీద పనిచేస్తోంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచింది. దించిన వెంటనే చల్లబరిచి, చల్లగానే ఊళ్లు దాటించాలి. ఆ ఖర్చే నీరా వ్యాపారానికి అడ్డు. బంగ్లాదేశ్‌లో గబ్బిలాలు నాకిన పచ్చి ఈతరసం వల్ల నిపా వైరస్ సోకిన దాఖలాలున్నాయి గనుక కుండ మూతికి వల గానీ తడిక గానీ కట్టడం మంచిది.

డెల్టాలో తాటికల్లు రుచి చూడాలనుకునే 21 ఏళ్లు నిండినవారు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు రావాలి. చలికాలంలో వస్తే ఈతకల్లు దొరుకుతుంది. పాకకు కాకుండా చెట్టు దగ్గరికే, పొద్దున ఏడు లోపు వెళ్తే తీపి పోకముందే అందుతుంది. నీరా కావాలంటే ముందురోజే గీతగాడికి చెప్పి ఉంచాలి, దానికి సున్నం పూసిన కుండ సాయంత్రమే వేరుగా కట్టాలి.